విడిగా తీయడం కుదరదు

“నీ తలకాయలో ఉన్నది మెదడా, మంచుగడ్డా?” అని అరిచింది ఆర్డిస్ హాగెన్.

అమెరికాలోని డులూత్‌లో ఆమెకో వెబ్ హోస్టింగ్ కంపెనీ ఉంది. చుట్టుపక్కల చేపలవేట రిసార్టులు, చర్చిలు, మంచు మీద ఆడే కర్లింగ్ ఆట క్లబ్బులు, ఒకటేమిటి, వందల వెబ్‌సైట్లు ఆమె సర్వర్ మీదే నడుస్తాయి. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ ముసలిదైపోయింది. కొత్తది ఎంచుకోవాలి. అక్కడే ఆమెకూ ఇంజనీరు టోయివోకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది.

“అందరూ వాడే సాఫ్ట్‌వేరే తీసుకుందాం. ఒక్కో సైటుకి ఒక్కో డేటాబేస్ పెడదాం,” అన్నాడు టోయివో. “ఒకటి పాడైనా మిగతావి బతుకుతాయి. అడిగినవాళ్లది వాళ్లకి విడిగా తీసివ్వొచ్చు.”

“ఆ తీసివ్వడమే నాకొద్దు!”

ఇప్పుడు అందరి సరుకూ ఒకే డేటాబేస్‌లో కలగాపులగంగా పడి ఉంది. రేటు పెంచితే క్లయింట్లు సణుగుతారు. ఫోనెత్తకపోతే తిట్టిపోస్తారు. కానీ ఒక్కడూ కదల్లేడు. వెళ్లిపోతామన్న ప్రతివాడికీ ఆర్డిస్ ఒకటే జవాబు చెప్పేది: “మీ సైటు విడిగా తీయడం కుదరదు.” నిజంగానే కుదరదని ఆమె నమ్మకం. కుదిరిన రోజున తన కంపెనీ ఖాళీ అవుతుందని ఆమెకి బాగా తెలుసు.

“కొత్తదాంట్లోనూ అన్నీ ఒకేచోట ఉండాలి,” అంది. “అయినా వాటిని విడదీయడం నీ తరం కాదు, నీ తాత తరం కాదు.”

“అవుతుంది. చలికాలమంతా కూర్చుని ప్రోగ్రాం రాశాను. వేరే సర్వర్ కూడా తీసుకున్నాను.”

“ఓహో, అదొక దండగా! ఏదీ, చూపించు నీ ప్రతాపం.”

చేపల ఎరలమ్మే కొట్టు సైటు కొత్త సర్వర్ మీద కనిపించింది. ఆర్డిస్ మూతి తిప్పింది.

“ఇది నకలు. జనం చూసేది ఇంకా నా సర్వర్‌లోదే. సైటు చిరునామా అటు తిప్పు, అప్పుడు బయటపడుతుంది నీ బండారం.”

“మీరు రాసివ్వందే క్లయింట్ల చిరునామా ముట్టుకోను.”

ఆ నియమం ఆమె పెట్టిందే. ఎవర్నీ నమ్మని మనిషి, ఇంకేం పెడుతుంది? టకటకా టైపు చేసి పంపింది. చిరునామా తిరిగింది. కొట్టు సైటు నిక్షేపంగా నడిచింది.

“నాలుగు పేజీల కొట్టు, అదేం గొప్ప! రిసార్టుది తియ్.”

తీశాడు.

“చర్చిది తియ్. ఏళ్ల తరబడి ప్రసంగాలున్నాయి దాంట్లో. చచ్చినా రావు.”

వచ్చాయి. పక్కగదిలో ఫోన్లు చూసే బెవ్ కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడి చోద్యం చూస్తోంది. ఆమె ముందు ఓడిపోవడమంటే ఆర్డిస్‌కి ప్రాణం పోయినట్టుంది.

“అన్నీ తియ్! ఒక్కటి కూడా ఇక్కడ మిగలకూడదు! సగంలో కుప్పకూలుతుంది చూడు. అప్పుడు నిన్ను మెడపట్టి గెంటకపోతే నా పేరు ఆర్డిస్ కాదు.”

“ఒకసారి ఆలోచించుకోండి,” అన్నాడు టోయివో.

“ఏం, వణుకు పుట్టిందా?”

“లేదు. రాసివ్వండి.”

రాసిచ్చింది. ఏదో ఒకటి కూలకపోతుందా అని మధ్యాహ్నమంతా అతని భుజం మీదుగా తెర వైపు చూస్తూ నిలబడింది. ఒక్కటీ కూలలేదు. వీధిలో మంచు ఊడ్చే బండి తిరిగే వేళకి చిట్టచివరి సైటు కూడా అవతలి సర్వర్‌కి చేరిపోయింది.

“ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు,” అంది బెవ్. “పైగా సైటు చురుగ్గా ఉందని ఎవరో మెచ్చుకున్నారు.”

“నిన్నెవరడిగారు?” అని ఆమె మీద విరుచుకుపడింది ఆర్డిస్. తర్వాత టోయివో వైపు తిరిగి పళ్లు నూరింది. “సరే, చేశావు. సంబరపడకు. నీ పద్ధతి నా కంపెనీలో చెల్లదు. అన్నీ వెనక్కి తెచ్చి, ఆ దండగమారి సర్వర్ మూసేసి ఇంటికి పో.”

టోయివో లేచి కోటు తొడుక్కున్నాడు. ఆఫీసు తాళంచెవులు బల్ల మీద పెట్టాడు.

“ఆ సర్వర్ నాది, ఆర్డిస్, మీ క్లయింట్లంతా పోయిన నెలే నా కంపెనీలో చేరిపోయారు, వాళ్ల సైట్లు రావడమే మిగిలింది.”