దూది తియ్యొద్దు

"దూది తియ్యొద్దు. చిరుగు ఒక్కటీ కుట్టండి, చాలు."

పరుపులాయన ఆ దిండును అటూ ఇటూ తిప్పి చూశాడు. చిన్నపిల్లల దిండు. దూది ఉండలు కట్టింది, ఓ మూల కుట్టు విడిపోయింది.

"ఇది దిండు కాదు సార్, రాళ్ల మూట. ఏకి కొత్త దూది పెడతా. హాయిగా నిద్రపడుతుంది."

"వద్దండీ. లోపలిది లోపలే ఉండాలి."

"ఏం సార్, లోపల నిధి ఏమైనా దాచారా?"

పరుపు బేరమాడుతున్న మొగుడూ పెళ్లాలు నవ్వారు. వచ్చినాయన నవ్వలేదు. ఆయన చూపు కుట్టుమిషన్ దగ్గర ఆగిపోయింది.

అక్కడ పరుపులాయన భార్య బల్ల మీద రెండు చేతులూ ఆనించి, ముందుకు వంగి కూర్చుంది. వీధంతా ఆమెను రేడియో అంటారు. నోరు తెరిచిందంటే మొగుణ్ణి దూది ఏకినట్టు ఏకిగానీ వదలదు.

"ఆమెకి ఏమైంది?"

"ఆస్తమా. దూది కొట్టు కదా, మాకు మామూలే. పొద్దుట్నుంచి ఒకటే పిల్లికూతలు. ఇప్పుడే ఆగాయి. రేడియో కూడా ఆగింది, నా చెవులకి ఇవాళ సెలవు."

"ఇన్‌హేలర్ పీల్చారా?"

"నాలుగైదుసార్లు. కూత ఆగిందంటే పనిచేసినట్టే కదా!"

గోడవారన కూర్చున్న పరుపులాయన తల్లి అందుకుంది.

"తగ్గిందిలే నాయనా. నిద్ర ముంచుకొస్తోంది దానికి. కాసేపు పడుకోబెడదాం."

"పడుకోబెట్టకండి!"

అందరూ ఉలిక్కిపడ్డారు. ఆయన గబగబా వెళ్లి, వంగి ఆమె మెడ వంక చూశాడు.

"తగ్గలేదండీ. లోపల గాలే ఆడక కూత రావట్లేదు. గొంతు కింద ఈ గుంట చూడండి, పీల్చినప్పుడల్లా ఎలా లోపలికి పోతోందో. ఏదీ, ఒక్క వాక్యం పూర్తిగా చెప్పమనండి."

పరుపులాయనకు చిర్రెత్తుకొచ్చింది. ముక్కూ మొహం తెలీని మనిషి, తన కొట్లో నిలబడి తన భార్య మెడ చూస్తాడా?

"మీరు డాక్టరా?"

ఆయన కళ్లు దిండు మీదికి మళ్లాయి.

"కాదు."

"మరి ఏ ఆసుపత్రి ఏజెంటువి?"

"వెంటనే తీసుకెళ్లాలండీ. బతిమాలుతున్నాను."

"తెలుసయ్యా మీ వేషాలు! దగ్గొస్తే స్కానింగు, తుమ్మొస్తే ఆపరేషను!"

బేరానికొచ్చినవాళ్లు మళ్లీ నవ్వారు. ఆ నవ్వుకు పరుపులాయన ఉబ్బిపోయాడు. దిండు తీసి వీధిలోకి విసిరికొట్టాడు.

అది మెట్టు అంచుకు తగిలి నిలువునా చిరిగింది. దూది గాలికి లేచింది.

ఆయన ఆ దూది వంక ఒక్కసారి చూశాడు. ముందు ఫోన్ తీశాడు.

"అంబులెన్స్ కావాలి. మార్కెట్ వీధి, పరుపుల కొట్టు. ఆస్తమా. మాట రావట్లేదు, మగతగా ఉంది. త్వరగా రండి."

ఆ తర్వాతే వీధిలోకి దిగి, వంగి దూది ఏరడం మొదలుపెట్టాడు.

"చూశావా వాడి నాటకం?"

పరుపులాయన గొప్పగా భార్య వైపు తిరిగాడు. ఇలాంటి ముక్క దొరికితే రేడియో గంటసేపు ఆగదు.

ఆమె నోరు తెరిచింది.

"ఆ... యన్ని..."

ఒక ఊపిరి.

"పం..."

ఇంకో ఊపిరి. మూడోది అందలేదు.

పెదవులు నీలంగా ఉన్నాయి. పొద్దుట్నుంచీ పక్కనే ఉన్నాడు, జోకులేశాడు, ఆ పెదవుల వంక మాత్రం చూడలేదు.

"సార్!" అని వీధిలోకి కేక పెట్టాడు.

ఏరిన దూదిని జేబులో కుక్కుకుని ఆయన పరుగున వచ్చాడు. ఒక్క ఎత్తిపొడుపు మాట లేదు. ఆమెను నిటారుగా కూర్చోబెట్టి, అంబులెన్స్ వచ్చేదాకా తనే ఇన్‌హేలర్ పట్టి, లెక్కపెడుతూ పీల్పించాడు.

హడావుడిలో ఆయన చిరిగిన దిండు తీసుకుని ఎటు పోయాడో ఎవరూ చూడలేదు.

"ఇంకో పది నిమిషాలు ఆగుంటే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు" అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ.

మూడో రోజుకు రేడియో మళ్లీ మోగింది.

"ఆ పెద్దాయన కాళ్లు పట్టుకుని, ఆ దిండు కుట్టిచ్చి రా. అప్పటిదాకా నాకు మొహం చూపించకు."

చూపించడానికి మొహం ఎక్కడ మిగిలిందని? ఆమె చెప్పకముందే వీధివీధీ తిరిగాడు. ఎవరినడిగినా తెలీదన్నారు. మురిక్కాలువ అంచున గుప్పెడు దూది మాత్రం దొరికింది. ఎన్నిసార్లు కడిగినా నలుపు వదల్లేదు. ఆరబెట్టి, సంచిలో వేసుకుని తిరుగుతున్నాడు. సిగ్గుతో అన్నం సహించడం లేదు.

చివరికి వార్డులోని పెద్ద నర్సుకు ఆనవాళ్లు చెప్పాడు.

"గొంతు గుంట చూపించారా? వాక్యం పూర్తిగా చెప్పమన్నారా?"

"అవునమ్మా. డాక్టరా అనడిగితే కాదన్నాడు. నేనేమో ఏజెంటువా అని..."



నర్సు గోడ మీది పాత కాగితం చూపించింది.

'మాట పూర్తి చేయలేకపోతే, ఇన్‌హేలర్‌తో తగ్గకపోతే ఇంట్లో ఆగకండి. కూత ఆగి మగత కమ్మితే తగ్గినట్టు కాదు. వెంటనే రండి.'

"అది రాసింది ఆయనే. రాసి గోడకి అంటించి, ఆ రోజే మానేశారు. ఇప్పుడెక్కడుంటారో మాకూ తెలీదు."

"ఎవరమ్మా ఆయన?"

నర్సు అతని సంచిలోని నల్లటి దూది వంక చాలాసేపు చూసింది.

"ఇరవయ్యేళ్లు ఈ వార్డుకి పెద్ద డాక్టరు బాబూ, ఓ పొద్దున సొంత కూతురికి కూత ఆగితే, తగ్గి నిద్రపట్టిందనుకుని, తల కింద దిండు సర్ది డ్యూటీకొచ్చేశారు."