జీలుగుపుట్టు మర్యాద

"ముందు జీపుని ఆపారు సార్. మనల్నీ వదలరు, చూడండి" అంది భాను, కారు అద్దం దించుతూ.

జీలుగుపుట్టు మలుపులో ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురు గడ పట్టుకుని నిలబడ్డారు. కొండజనం చేసుకునే ఇటుకల పండగ రోజుల్లో జి.మాడుగుల పైనున్న ఊళ్లన్నిటా ఇదే వరస. దారిన పోయే ప్రతి బండీ పండగ చందా ఇచ్చుకోవాల్సిందే. ముందు జీపులో ఆనకట్ట సర్వేకి వెళ్తున్న ఇంజినీరు మోహన్‌కృష్ణ నవ్వుతూ ఇచ్చాడు. భాను కూడా నోటు తీసి పట్టుకుంది. కానీ వాళ్లు కారులోకి తొంగిచూసి, వెనకసీట్లో మేయరు వరప్రసాదం కనబడగానే గడ ఎత్తేశారు. ఒక్కరూ చెయ్యి చాపలేదు. ఒక్కరూ దండం పెట్టలేదు.

"మన డబ్బు కూడా చేదైపోయిందన్నమాట వీళ్లకి" అంది భాను.

వరప్రసాదం చొక్కా జేబు తడుముకున్నాడు. అందులో ఉన్నది రాజీనామా కాగితం. నిన్న టైపు చేసింది భానే.

ఇరవై రెండేళ్లు హక్కుల లాయరుగా ఆయన ఈ కొండలకి చేసిన చాకిరీ అంతా ఇంతా కాదు. ఈ ఊరి మగవాళ్లని పద్నాలుగుమందిని దొంగకేసులో ఇరికించి జైల్లో వేస్తే, మూడేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి విడిపించాడు. ఫీజని పైసా ముట్టలేదు. ఆ మంచిపేరే ఆయన్ని కింద నగరంలో కార్పొరేటర్ని చేసి, మేయరు కుర్చీ దాకా తీసుకెళ్లింది. తీరా కుర్చీలో కూర్చున్నాక వచ్చిన మొదటి పెద్ద ఫైలు ఈ ఊరిదే. నగరం తాగునీటికి ఇక్కడి కొండవాగు, జీలుగుపుట్టు గెడ్డ మీద ఆనకట్ట కడతారట. కడితే అరవై గడప మునుగుతుంది. మేయరు వద్దన్నాడు. కౌన్సిల్లో ఆయనతో పాటు చేతులెత్తింది ఆరుగురు. మిగతావాళ్లంతా బల్లలు చరిచి మరీ పాస్ చేశారు. మునిగే ఇళ్లవాళ్లలో ఒక్కడంటే ఒక్కడు ఆ ఏసీ హాల్లో లేడు. ఆరేళ్లుగా ఆయన దగ్గర జూనియరుగా ఉన్న భానుకి ఆ బల్లల చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"ఊళ్లో విషయం చెప్పేసి, సాయంత్రం ఈ కాగితం ఇచ్చేద్దాం. ఇంక నా వల్ల కాదు భానూ" అన్నాడు వరప్రసాదం.

"మీరు దిగిపోతే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో తెలుసు కదా సార్? మర్నాడే ఇక్కడికి మిషన్లొస్తాయి."



ఊరి ముందు గెడ్డలో ముగ్గురు మగవాళ్లు విల్లంబులు బండ మీద పెట్టి, ఒంటికంటిన పేడ కడుక్కుంటూ పకపకా నవ్వుకుంటున్నారు. కారు చూసి ఒకడు కేకేశాడు.

"ఏటి పెసాదూ, ఇన్నాళ్లకి దారి తెలిసిందేటి?"

నగర మేయర్ని పట్టుకుని ఏకవచనమా! భాను పళ్లు నూరింది.

ఊళ్లోకి వెళ్లాక ఇంకా ఘోరం. మోహన్‌కృష్ణకి కుర్చీ వేశారు. మెడలో అడవిపూల దండ వేసి, స్టీలు గ్లాసుతో కాఫీ ఇచ్చారు. ఊరికి పెద్దావిడ సవరమ్మ వరప్రసాదానికి మాత్రం "కూకో" అని నేల చూపించింది. ఆయన కూర్చోలేదు.

"సవరమ్మత్తా, ఆనకట్ట ఆపలేకపోయాను. కౌన్సిల్లో ఓడిపోయాను. వట్టి చేతుల్తో వచ్చాను" అన్నాడు తలొంచుకుని.

సవరమ్మ లేచి గుమ్మం పక్కనున్న కుండ అందుకుంది.

"వట్టి సేతుల్తో వొచ్చినావా?"

అంటూనే కుండెడు పేడనీళ్లు ఆయన నెత్తి మీద గుమ్మరించింది. మరో ఇద్దరు ఆడవాళ్లు దోసిళ్లతో బురద కొట్టారు. చుట్టూ జనం ఘొల్లున నవ్వారు.

భాను అడ్డం పడింది. "సిగ్గు లేదా మీకు? మీ కోసం ఇల్లూ వాకిలీ వదిలేసి తిరిగిన మనిషండీ!"

"పోలీసుల్ని పిలవమంటారా సార్?" అన్నాడు మోహన్‌కృష్ణ, దండ సర్దుకుంటూ.

వరప్రసాదం ఇవేవీ వినిపించుకోలేదు. జేబులోంచి కాగితం తీశాడు. మడత విప్పి, దాంతోనే మొహం మీది పేడ తుడుచుకుని, ఉండ చేసి అవతల పారేశాడు.

"ఓడింది కౌన్సిల్లోనేగా భానూ. గ్రామసభ ఒప్పుకోకుండా ఇక్కడ గడ్డపార దిగడానికి వీల్లేదు. సోమవారం హైకోర్టులో వేస్తున్నాం" అని గెడ్డవైపు నడిచాడు.

నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియడం లేదు. అవమానంతో మతి చలించలేదు కదా అని భానుకి భయమేసింది. గెడ్డలో ఉన్న ముగ్గురూ ఆయనకి చోటిచ్చి, వీపు మీద నీళ్లు కొడుతున్నారు.

ఆయన ఊరుకున్నా తను ఊరుకోదలుచుకోలేదు. తిన్నగా వెళ్లి సవరమ్మ ఎదుట నిలబడింది.

"ఊరు ముంచడానికి వచ్చినాయనకి దండ, ఊరి కోసం ప్రాణం పెట్టినాయనకి పేడా? ఇదెక్కడి న్యాయం?"

సవరమ్మ కుండ కడుగుతూ తలెత్తింది. ఆమె కళ్లు కూడా తడిగా ఉన్నాయి.

"పండగలో వేటకెల్లినోడు వట్టి సేతుల్తో వొత్తే పేడ సల్లుతాం గుంటా. సిగ్గొచ్చి మల్లీ బేగి ఎల్తాడని. నా మొగుడికీ సల్లినాను, నా కొడుకులికీ సల్లినాను."

"మరి ఆ ఇంజినీరు మీద ఒక్క చుక్కైనా పడలేదేం?"

సవరమ్మ కుర్చీలో ఉన్న మోహన్‌కృష్ణని, ఆయన మెడలోని దండని ఓసారి చూసింది.

"పరాయోల్ల మీద మేం పేడ సల్లం."