తెలియకూడని తాళం చెవి

"ఇంకోసారి చెప్పు," అన్నాడు ఎమ్లిన్.

"తాళం చెవి ఎక్కడుందో నాకు తెలియదు."

"నేల చూపులు చూస్తూ కాదు. ఆయన మొహం చూసి చెప్పాలి."

"ఆయన ఇంకా రాలేదుగా. కుక్క మొహం చూసి చెప్పనా?" అంది నెస్టా.

కుక్క తోక ఊపింది. ఎమ్లిన్ నవ్వలేదు. "నిజం చెప్పడానికి కూడా తడబడే మనిషివి నువ్వు. అదీ నా భయం."

నెస్టా మూడుసార్లు తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది. కిటికీ దాకా వెళ్లి వచ్చింది. కెటిల్ పొయ్యి మీద పెట్టింది, దించింది, మళ్లీ పెట్టింది. పదిన్నరకు వస్తానన్న లైసెన్సు అధికారి పదకొండవుతున్నా రాలేదు.

వేల్స్ కొండల్లో గొర్రెలు మేపేవాడి దగ్గర తుపాకీ లేదంటే నక్కలకు పండగే. ఆ తుపాకీ లైసెన్సు ఐదేళ్లకోసారి కొత్తది చేయించుకోవాలి. తుపాకులు ఇనుప బీరువాలో ఉండాలి. దాని తాళం చెవి ఎక్కడుందో లైసెన్సు ఉన్న మనిషికి తప్ప, కట్టుకున్న పెళ్లానికి కూడా తెలియకూడదు.

క్రితంసారి ఆ తాళం చెవి వంటింట్లో మేకుకు వేలాడుతూ అధికారి కంటబడింది. ఆయన రాతపూర్వకంగా హెచ్చరించి వదిలేశాడు. ఆ సాయంత్రమే ఎమ్లిన్ దాన్ని వేరేచోట దాచాడు. ఎక్కడో నెస్టాకు చెప్పలేదు.

"జనవరి సంగతి..." అన్నాడు ఎమ్లిన్.

"మాటిచ్చానుగా. నా నోట రాదు."

నవంబరులో అన్న పోయినప్పటి నుంచి ఎమ్లిన్ సరిగ్గా తినడం లేదు, పడుకోవడం లేదు. జనవరిలో ఒక పొద్దున తుపాకీ ఒళ్లో పెట్టుకుని, కొట్టంలో గడ్డిమోపు మీద అలా కూర్చుండిపోయాడు. నక్క కోసం అన్నాడు. బయట కురిసిన మంచు మీద నక్క అడుగు ఒక్కటీ లేదు.

ఆ మాట పొక్కితే లైసెన్సు పోయినట్టే. "తుపాకులు పోతే ఈ లోయలో తలెత్తుకోలేను. పోగొట్టినవాళ్ల మొహం జన్మలో చూడను," అన్నాడు అప్పుడే.

వాకిట్లో కారు ఆగింది.

లైసెన్సు అధికారి ప్రిచర్డ్ రిటైరైన పోలీసు. లోపలికి వస్తూనే టోపీ తీశాడు. "మీ గొర్రెలు రోడ్డుకు అడ్డం పడుకున్నాయి, ఎమ్లిన్ గారూ. హారన్ కొడితే నన్నే ఎగాదిగా చూశాయి."

"అవి నావి కావు. పక్కవాడివి. వాడి పోలికే వచ్చింది వాటికి."

ఎండుద్రాక్షల రొట్టె కోసిపెట్టి, టీ పోసింది నెస్టా. సగం సాసర్లో పడింది.

ప్రిచర్డ్ కాగితాలు తీశాడు. "డాక్టర్ గారు రాసి పంపారు. మీ మీద ఏ ఫిర్యాదూ లేదు."

"ఆయన మొహం చూసి ఆరేళ్లయింది. ఫిర్యాదెక్కణ్ణించి వస్తుంది?"

"నిద్ర పడుతోందా? మనసెలా ఉంది?"

"ఈనే గొర్రెలు నూటయాభై ఉంటే నిద్రేమిటండీ. మనసంటారా, బాగానే ఉంది."

ప్రిచర్డ్ రాసుకున్నాడు. నెస్టా వైపు తిరిగాడు. "అమ్మా, బీరువా తాళం చెవి ఎక్కడుంటుందో మీకు తెలుసా?"

"తెలియదండి," అంది ఆయన మొహం చూస్తూ.

ఎమ్లిన్ ఊపిరి వదిలాడు.

అప్పుడే కొట్టంలోంచి గొర్రె అరుపు వినిపించింది. మామూలు అరుపు కాదు. ఎమ్లిన్ లేచాడు. "పిల్ల అడ్డం తిరిగినట్టుంది. పది నిమిషాల్లో వస్తాను."

"వెళ్లండి. పిల్ల నాలాగా ఆగదు," అన్నాడు ప్రిచర్డ్.

పది నిమిషాలు ఇరవై అయ్యాయి. ప్రిచర్డ్ గడియారం చూసుకున్నాడు. నెస్టా మరో ముక్క రొట్టె పెట్టింది. కిటికీ దగ్గరకు వెళ్లింది. వచ్చింది.

"బీరువా తెరిచి తుపాకుల నంబర్లు సరిచూసుకుంటే నా పని అయిపోయినట్టేనమ్మా. ఇంకా రెండిళ్లు తిరగాలి. రేపు మళ్లీ వస్తాలెండి."

"అయ్యో, ఆ కాస్త దానికి మళ్లీ అంత దూరం ఎందుకండీ?"

నెస్టా ముందుగదిలోకి వెళ్లింది. మామగారి కాలం నాటి హార్మోనియం వెనక చెక్క జరిపింది. తిరిగొచ్చి తాళం చెవి ఆయన కప్పు పక్కన పెట్టింది.

ప్రిచర్డ్ చెయ్యి కప్పు దగ్గరే ఆగిపోయింది.

గుమ్మంలో ఎమ్లిన్ నిలబడి ఉన్నాడు. మోచేతుల దాకా నెత్తురు. "కవలలు," అని చెప్పబోతున్న అతని మొహం మీది నవ్వు ఆరిపోయింది.

"ఇందాక తెలియదన్నారు కదమ్మా," అన్నాడు ప్రిచర్డ్ మెల్లగా.

నెస్టా చేత్తో నోరు మూసుకుంది.

ప్రిచర్డ్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "ఇది రెండోసారి, ఎమ్లిన్ గారూ. చూడనట్టు ఊరుకోవడం నా చేతుల్లో లేదు. తుపాకులు ఇవాళే తీసుకెళ్లాలి. పైవాళ్లు తేలుస్తారు. ఈ వయసులో, రెండు తప్పుల మీద... తిరిగొస్తాయని ఆశ పెట్టలేను."

రెండు తుపాకులూ కారెక్కాయి. కారు మలుపు తిరిగేదాకా ఎమ్లిన్ వాకిట్లోనే నిలబడ్డాడు. లోపలికొచ్చి చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

"నీకెలా తెలుసు?"

"దుమ్ము దులుపుతుంటే చేతికి తగిలింది. పాపం ఆయన మళ్లీ రావాలే అనుకున్నానంతే. బుర్ర పనిచెయ్యలేదు."

అతను ఆమెను చూశాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"నీ నోరు కట్టాను గానీ చేతులు కట్టలేదు," అన్నాడు. "రేపటికి లోయంతా నవ్వుతుంది. ఎమ్లిన్ పెళ్లానికి మతి లేదని."

"నవ్వనీ."

అతను పాలసీసా తీసుకుని గొర్రెపిల్లల దగ్గరికి వెళ్లిపోయాడు.

నెస్టా కుర్చీ లాక్కుని, పొద్దుటి నుంచి మొదటిసారి కూర్చుంది.

జనవరిలో ఆ పొద్దుటి నుంచి, అతను గొర్రెల దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ, పదకొండు వారాలు ఇల్లంతా గాలిస్తే గాని ఆ తాళం చెవి ఆమెకు దొరకలేదు.