తాళంచెవుల గుత్తి

తెల్లారినప్పటి నుంచి ముసురు. హెలెన్, అత్త సారమ్మ చాటల్లో కందులు ఏరుతున్నారు. ఆ పూట హెలెన్ నౌబాద్ బడిలో పాఠం చెప్పి చూపిస్తే టీచరు పని వస్తుంది. పోవద్దని మొగుడు తలుపుకు లోపల తాళం వేయించి, గుత్తి తల్లి దగ్గరే ఉంచి, కిటికీలోంచి మళ్లీ చెప్పి డ్యూటీకి పోయాడు.

"ఏం పాఠం?" అంది సారమ్మ.

"కుప్ప అంటే హీప్, అత్తమ్మా. పుల్లల మోపు బండిల్."

"గొర్రెల మంద?"

"ఫ్లాక్."

"పాస్టరయ్య మనల్ని గట్లనే అంటడు." సారమ్మ నవ్వింది. "తాళంచెవుల గుత్తి?"

"బంచ్. పిల్లలకు చూపియ్యనీకి ఒకటుంటే బాగుండు."

"నా కాడ్నే తెలివా?"

హెలెన్ తల వంచుకుని రాళ్లు ఏరింది.

కాసేపటికి సారమ్మ బొడ్లోంచి గుత్తి తీసి ఆమె చాటలో వేసింది. "తీస్కపో. చూపియ్యి."

"నీ కొడుకుకు ఏం చెప్తవ్?"

"బయట తాళమెయ్యి. గుంజుకొని, నన్ను లోపలేసి పోయిందని చెప్త."

తాళం పడ్డాక సారమ్మ లేచి, ఏరిన కందులనూ రాళ్లనూ కలిపి గుమ్మం దాకా చిమ్మింది. పెనుగులాట జరిగినట్టే ఉంది.

అప్పటికే హెలెన్ గుత్తితో బడి దారి పట్టింది.