పరాయి ఒడ్డుకి బియ్యం

"నా మొగుణ్ణి వెతకాల్సిన ఓడలోకి బియ్యం ఎక్కిస్తారా?"

ఎరుకమ్మ చాతం దీవి రేవులో, జెట్టీ మీద లారీకి అడ్డంగా కూలబడింది. అవతలి ఒడ్డు బాంబూఫ్లాట్ నుంచి వచ్చే ఫెర్రీ పడవ దిగి పరుగెత్తుకొచ్చిన మనిషి, రొప్పు ఇంకా తగ్గలేదు. డ్రైవర్ హారన్ మీద హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు. లారీ మీంచి బస్తా భుజానికెత్తుకుంటున్న బంగారురాజు ఆమెను చూసి ఉన్నచోటే ఆగిపోయాడు. స్వయానా ఆమె తమ్ముడు.

"అక్కా, లెగు. అందరూ చూస్తన్నారు."

"చూడనీ! నీ బావ ఏ నీళ్ళల్లో ఉన్నాడో తెలీదు. నువ్వు బర్మావోళ్ళకి బస్తాలు మోస్తన్నావా? సిగ్గులేదురా నీకు?"

బంగారురాజు తల దించుకున్నాడు. చేపలకని చిన్న డింగీ పడవ తీసుకెళ్ళిన ఆమె మొగుడు గవరయ్య తుఫాను గాలికి మళ్ళీ ఒడ్డు చేరలేదు. అతని కోసం ఇన్నాళ్ళూ సముద్రం గాలించింది ఈ సర్కారు ఓడే. అదే తుఫాను అవతల బర్మా దీవుల్ని ఊడ్చేసిందట. సాయం పట్టుకెళ్ళమని పొద్దున్నే ఢిల్లీ నుంచి ఆర్డరు వచ్చింది. వెతుకులాట ఆగిపోయింది.

ఓడ మీంచి ఆఫీసరు ఉమేష్ గబగబా దిగొచ్చాడు. హిందీలోనే అయినా మెత్తగా మాట్లాడాడు.

"దీదీ, పొరుగు దేశానికి కష్టం వస్తే ముందు మన ఓడే అక్కడుండాలి. సర్కారు పాలసీ అది. నా చేతుల్లో లేదు."

"మీ పాలసీలో మా కొంపలు లేవా భయ్యా? సొంతింట్లో మనిషి తప్పిపోతే, పక్కింటోళ్ళకి వండిపెట్టి రమ్మని ఏ సర్కారు చెప్తాది?"

ఉమేష్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "మీ ఆయన కోసం ఇంకో ఓడ అడిగాను. రావడానికి కాస్త టైం పడుతుంది."

"టైమా! నీళ్ళల్లో ఉన్నోడికి టైమెక్కడిది?"

బంగారురాజు బస్తా దించి, వచ్చి అక్క పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"అక్కా, ఓడ ఇక్కడే ఆగిపోతే బావా దొరకడు, అక్కడోళ్ళూ తినరు. కదిలితే దారంతా సముద్రమే కదా." ఉమేష్ వైపు తలెత్తాడు. "సాబ్, దారిలో చూస్తారా?"

"డెక్ మీద ఒకణ్ణి బైనాక్యులర్ ఇచ్చి కాపలా పెడతాను. కసమ్, ఒట్టు. నీ ఫోన్ నంబరు ఇవ్వు."

ఎరుకమ్మ నీళ్ళకేసి చూసి, కొంగు దులుపుకుని లేచింది. లారీ కదిలింది.

"కళ్ళు నీళ్ళ మీదే ఉంచండి భయ్యా," అంది ఉమేష్‌తో. తమ్ముడితో మాత్రం, "నువ్వు నా గడప తొక్కకు," అనేసి ఫెర్రీ వైపు నడిచింది.

ఓడ వెళ్ళిపోయింది. బంగారురాజు రోజూ పని దిగగానే బాంబూఫ్లాట్ వచ్చి అక్క ఇంటి మెట్టు మీద కూర్చునేవాడు. ఆమె తలుపు తీసేది కాదు. పక్కింటోళ్ళు వచ్చి, "ఇంక ఆశ పెట్టుకోకు ఎరుకమ్మా," అంటూ ఆమె చేతి గాజుల వంక చూస్తే, వాళ్ళని తిట్టి పంపేసింది. తలుపేసుకుని, ఆ గాజుల్ని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నం తలుపు దబదబా మోగింది.

"అక్కా! ఓడ ఫోన్లోంచి సాబ్ మాట్లాడతన్నాడు!"

ఈసారి తలుపు తెరుచుకుంది. బంగారురాజు స్పీకరు పెట్టాడు.

"దీదీ, దారంతా చూశాం. మనిషి గానీ డింగీ గానీ ఎక్కడా కనబడలేదు..."

ఫోను గరగరలాడి మాట తెగిపోయింది. ఎరుకమ్మ గుమ్మం పట్టుకుని అలాగే కిందికి జారింది. బంగారురాజు ఆమె భుజం పట్టుకున్నాడు. ఆమె తోసెయ్యలేదు. తోసేసే ఓపిక లేదు.

మళ్ళీ గొంతు వినిపించింది. "హలో! పెట్టెయ్యకండి! ఇక్కడ ఒడ్డున బియ్యం పంచుతున్నాం. వరసలో ఒకాయన తన బియ్యం తీసుకోకుండా నాతో గొడవపడుతున్నాడు, ఈ ఊరికి ఇవి చాలవని. మీరే నచ్చజెప్పాలి."

"నేనా? నాకు బర్మా మాటలు రావు భయ్యా," అంది ఎరుకమ్మ నీరసంగా.

"వస్తాయో రావో వినండి ముందు."

ఫోను చేతులు మారిన చప్పుడు. వెనకాల అలల హోరు. ఆ తర్వాత బొంగురుపోయిన ఒక గొంతు.

"ఎరుకా..."

ఎరుకమ్మ తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది. వెంటనే వాడి మెడ చుట్టూ చేతులేసి గట్టిగా పట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో బంగారురాజుకి తెలియలేదు. నీళ్ళు నిండి అతనికీ కళ్ళు కనబడటం లేదు.

"నేనేనే, ఎరుకా. గాలి ఇటు నెట్టుకొచ్చి పడేసింది. ఇక్కడ ఇళ్ళే లేవు, ఇంక ఫోన్లెక్కడివి? బాగానే ఉన్నాను. ఏడవకు. రేపు ఇదే ఓడలో వచ్చేస్తాను."

ఆమె ఫోను దగ్గరికి లాక్కుని, ముక్కు తుడుచుకుని, అడగాల్సిన మాట అడిగింది.

"తిన్నావా?"

"తిన్నానే. అదే కదా నా గొడవ! మన ఓడ వచ్చేదాకా, ఈ ఊరోళ్ళ దగ్గర మిగిలిన ఆఖరి గింజలన్నీ నాకే వండిపెట్టేశారు."