సారు అడిగిన సైజు

"మలుపుల్లో కారు ఒరుగుతుంటే కడుపులో తిప్పుతోందని నేనే పోరానండీ. అందుకే మావారు కారు వెనక భాగంలో, ఒరగకుండా ఆపే లావుపాటి కడ్డీ, యాంటీ రోల్ బార్ వేయించారు," అంది సంయుక్త.

ఆటోనగర్ షెడ్డులో మెకానిక్ విఠల్ తలెత్తలేదు. ఉయ్యూరు దగ్గర తడిసిన మలుపులో వెనక టైర్లు జారి ఆ కారు కాలువలో పడింది. ఆమె భర్త పోయి నెలైంది.

"అంత లావుది వేస్తే వెనక టైర్లు పట్టు వదిలేస్తాయటగా. నా నోరే ఆయన్ని తినేసింది."

ఆ గొంతులో ఏడుపైనా లేదు. విఠల్ ఊరుకుంటే చాలు, నింద ఆమె మీదే ఉండిపోతుంది.

"కాదమ్మా. కొంచెం లావుది చాలన్నారు సారు. అది స్టాకు లేక, 'ఏం కాదు సార్' అని మరీ లావుది బిగించింది నేను."

ఆమె అతన్ని తేరిపార చూసింది.

"ఈ మాట, కొడుకు నా వల్లే పోయాడంటున్న మా అత్తగారి ముందు చెబుతారా?"

విఠల్ చేతుల గ్రీజు తుడుచుకుని బండి తాళం అందుకున్నాడు.