నాలుగో చీటీ

గ్రంథాలయం పై గదిలో పిల్లల కథల క్లాసు. ఈ గోడ నుంచి ఆ గోడకు పురికొస కట్టి, కథను చీటీల మీద రాయించి, క్లిప్పులతో వేలాడదీయించడం టీచరు పద్ధతి. మొదటి చీటీ: ఎవరు? రెండోది: ఏం కావాలి? మూడోది: ఏం అడ్డొచ్చింది? నాలుగోది: చివరికి ఏమైంది? ఒకరి నాలుగో చీటీ మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. టీచరైనా సరే.

పిల్లలు ఊరుకుంటారా? ఒకడి కథలో రాక్షసుడు హోంవర్కు మింగేశాడు. ఇంకొకతె కథలో రాణిగారికి పెళ్ళి వద్దట, సైకిలు కావాలట. గదంతా గోల. ఆ గోల కోసమే టీచరు వారమంతా ఎదురుచూస్తుంది. మిగతా రోజుల్లో ఆమె ఒంటిగది ఇంట్లో పలకరించే దిక్కే లేదు. పేపరు వేసే మనిషి కూడా తలుపు కింద నుంచి తోసేసి పోతాడు.

పిచ్చుక మాత్రం గోల చెయ్యదు. బక్కగా ఉంటుందని పిల్లలు పెట్టిన పేరది. తల్లి లేని పిల్లట. వెంట వచ్చే నానమ్మ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, ఈ కథలూ కాకరకాయలూ ఎందుకన్నట్టు మొహం పెట్టుకుని కూర్చుంటుంది. పిల్ల బుర్రలో లేనిపోని ఆశలు నూరిపోస్తే ఇక పంపనని మొదటి రోజే తెగేసి చెప్పింది. టీచరు సరేనంది. పిచ్చుక రాకపోతే ఆమెకు క్లాసు ఉన్నా లేనట్టే. టీచర్లకు ఇలాంటి పక్షపాతం ఉండకూడదు గానీ, ఉంటుంది.

ఆ వేళ పిచ్చుక మూడు చీటీలు తగిలించింది. ఒక పాప. అమ్మ కావాలి. అమ్మ చనిపోయింది.

ఖాళీగా ఉన్న నాలుగో చీటీ పట్టుకుని టీచరు దగ్గరికొచ్చింది.

"అమ్మని మళ్ళీ రప్పించొచ్చా టీచర్? కథే కదా."

నానమ్మ కుర్చీలో ముందుకు వంగింది. టీచరుకు రప్పించు తల్లీ అనాలని ప్రాణం కొట్టుకుంది. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

"ముగింపు నీదేనమ్మా. నేను చెప్పకూడదు."

పిచ్చుక చాలాసేపు పెన్సిలు కొరికింది. తర్వాత గుండ్రటి అక్షరాలతో రాసి తగిలించింది: 'పాప ఏడుపు మానేసింది. అమ్మ మొహం మర్చిపోయింది.'

బాగా రాశావంటూ టీచరు ఆ పిల్ల తల నిమిరింది. ఎంతకీ చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.

క్లాసు అయిపోయింది. పిల్లలు దడదడా మెట్లు దిగిపోయారు. నానమ్మ పిచ్చుకను కూడా కిందకి పంపి, తను మాత్రం టీచరు పక్కన ఆగింది.

"చెప్పనన్న మాట నిలబెట్టుకున్నావు గనక," అంది మెల్లగా, "వచ్చే వారం కూడా తీసుకొస్తాలే నీ కూతుర్ని."